జన పులసను కొనకండి: గోదావరి జిల్లాల వారికి విజ్ఞప్తి



గోదారికి ఎర్రనీరు వచ్చింది. యానాం, భైరవపాలెం, అంతర్వేది వైపు వలలు దిగాయి. ఒకప్పుడు తట్టలతో లెక్కపెట్టిన పులసను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. వేలంలో ఒక్క చేప ఇరవై వేలు దాటితే మనం గొప్పగా చెప్పుకుంటున్నాం. చేప అయిపోతోందనే కదా ఆ ధరకు అర్థం!

సముద్రంలో ఉన్నప్పుడు విలస అనిపించుకునే ఆ చేప గుడ్లు పెట్టడానికే వరదకు ఎదురీది వస్తుంది. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల గుడ్లు. మనం ఏరికోరి అడిగేది దాన్నే. జన (గుడ్లు) ఉంటేనే రుచి అని ముప్పై ఏళ్లు బేరమాడి కొన్నాను నేను. పనులు కావాల్సిన చోటికి కేరేజీల్లో పంపాను కూడా. ప్రతి ఏడూ నా మట్టిదాకలో ఉడికినవి ఆ లక్షల గుడ్లే. ఆ తప్పు ఒప్పుకుని ఈ మాట రాస్తున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ పులస దారికి అడ్డమే. మిగిలిన దిగువ పాయల్లో దోమతెర వలలు చేపపిల్లను కూడా పోనివ్వవు. సముద్రంలో 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాతే! అప్పుడు దానికి కాపలా ఏది?

"మళ్లీ మా పొట్టే కొడతారా?" అంటున్నారు, నదిలోనూ నిషేధం మాట వినగానే, వేటకు వెళ్లే అన్నలు. న్యాయమైన ప్రశ్నే. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలంలో 22 రోజులు ఈ చేపను పట్టరు, అమ్మరు. ఆ రోజులకు జాలరి కుటుంబాలకు సర్కారు బియ్యం ఇస్తుంది. చేపపిల్లల వేటకూ అక్కడ నెలల తరబడి నిషేధం. 2000ల తొలినాళ్లలో దాదాపు రెండు లక్షల టన్నులున్న దిగుబడి తర్వాత ఐదు లక్షలు దాటింది. మనమూ నదిలో వేట విరామం, దానికి తగిన భృతి రెండూ కలిపి అడగాలి. భృతి లేని నిషేధాన్ని ఎవరూ ఒప్పుకోవద్దు.

హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి ఫోన్ చేసే బంధువులారా! పులస పంపావా అని అడిగారు గానీ, గోదారికి పులస వచ్చిందా అని ఒక్కరైనా అడిగారా? పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. పుస్తెలమ్మినా దొరకని రోజు తెస్తున్నది మన నాలుకే.

వలలో పడ్డ పులసను తిరిగి నీళ్లలో వదిలినా సాధారణంగా బతకదు. గిరాకీ తగ్గితేనే వేట తగ్గుతుంది. ఆపగలిగేది కొనేవాళ్లమే. ఈ ఏడు జన పులస మీ గుమ్మంలోకి వచ్చినా వద్దనండి. కొనేవాళ్లందరం వద్దంటే రేపటి లక్షల గుడ్లను గోదారికి వదిలినట్టే.