కెమెరా రెప్ప వెయ్యకపోతే?

పిల్లలూ! అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఇంచుమించు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బీరువాలో ఏళ్ళ తరబడి పడివున్న డిజిటల్ కెమెరాతో మీరు ఆ చెట్టును ఫోటో తీయబోయారనుకోండి. మీట నొక్కితే బొమ్మంతా చీకటి! కెమెరా పోయిందని పారెయ్యకండి. ముందు జబ్బేమిటో తెలుసుకుందాం.

కెమెరా కంటికి రెప్పవంటిది షట్టరు. పూర్వం ఫోటో తీసేవారు కటకం మీది మూతను చేత్తో తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ మూసేవారు. ఇప్పుడు కాగితమంత పలచని రేకులు సెకండులో వెయ్యోవంతులో ఆ పని చేస్తాయి. అవి మూసుకుని అంటుకుపోతే బొమ్మ నల్లగా వస్తుంది. తెరుచుకుని అంటుకుపోతే ఎండలో తీసిన బొమ్మ తెల్లగా వెలిసిపోతుంది. ఇదివరకు తీసిన ఫోటోలు తెరమీద బాగా కనిపిస్తే తెర మంచిదే. ముందుగా అనుమానించవలసింది షట్టరునే.

రేకులెందుకు అంటుకుంటాయి? నున్నని ప్లాస్టిక్ రేకులు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి, పైదాన్ని ఎత్తండి. సులువుగా వస్తుంది. మధ్య నూనెచుక్క వేసి అదిమి, మళ్ళీ ఎత్తండి. కిందిది కూడా లేచి వస్తుంది! షట్టరును కదిపే బలం బహు స్వల్పం. లోపలి గ్రీజులోని నూనె రేకులమీదికి పాకి, దానికి వానకాలపు చెమ్మ, దుమ్ము తోడయితే ఆ బలం చాలదు.

మరి మందేమిటి? బాటరీ నిండా చార్జి చేసి, వరసగా 20, 30 ఫోటోలు తీయండి. ఒక్కొక్కసారి రేకులు వాటంతట అవే విడిపోతాయి. పైన దుమ్ముంటే రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. నూనె మాత్రం వెయ్యకండి. జబ్బే నూనె అయినప్పుడు మందు నూనె ఎలా అవుతుంది?

అన్నిటికన్న ముఖ్యం, కెమెరాను విప్పకండి. ఫ్లాషు దీపం కోసం లోపల కెపాసిటర్ అనే భాగంలో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలవ వుంటుంది. బాటరీ తీసినా అది వెంటనే పోదు. తాకితే ప్రమాదం. అమ్మానాన్నలకు కూడా ఈ మాట చదివి వినిపించండి.

అఫ్జల్‌గంజ్‌కు దగ్గరలోనే, కోఠీ గుజరాతీ గల్లీలో, కెమెరా దుకాణాలున్నాయి. పని తెలిసినవారు ముందు ఆ విద్యుత్తును పోగొట్టి, తర్వాత రేకులను ద్రావకంతో తుడిచి, ఆరబెట్టి బిగిస్తారు. ఇచ్చేముందు మెమరీ కార్డు తీసి ఇంట్లో దాచుకోండి. కెమెరా పోతే మరొకటి కొనవచ్చు. అందులోని తాతగారి ఫోటో పోతే ఏ అంగడిలోనూ దొరకదు.