నాడీ దోషం నుంచి రక్తపరీక్ష దాకా

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒకే ఇంటి తాతకూ మనుమడికీ నడుము వంగి, కాళ్లు వంకరపోతే, అది వంశానికి తగిలిన శాపమని చూసేవారికి తోచవచ్చు గాని, ఆ ఇద్దరి ఎముకలను వంచినది తరతరాల రక్తం కాదు, ఇద్దరూ తాగిన బోరునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన ఫ్లోరైడ్. అటు నిజంగా వంశపారంపర్యంగా వచ్చే తలసేమియాను, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక పసితనం నుంచే రక్తం ఎక్కించాల్సివచ్చే జబ్బును, గ్రహదోషంగా లెక్కకట్టి శాంతులు చేయించేవారున్నారు.

పెళ్లి పొంతనలో చూసే నాడీ దోషం ఈ లెక్కకు మంచి నమూనా. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులుగా విడదీసి, వధూవరులది ఒకే నాడి అయితే సంతానానికి కీడని చెప్పే ఈ పద్ధతిని ప్రాచీన జన్యుశాస్త్రమని పొగడడం ఇప్పుడొక వేడుకైంది. జన్మనక్షత్రం మారితే సొంత తోబుట్టువులే వేర్వేరు నాడులవారవుతారు, ఏ చుట్టరికమూ లేనివారు ఏకనాడివారవుతారు. మరి ఇందులో రక్తసంబంధం ఎక్కడుంది? పైగా మేనరికానికి పొంతన చూడనక్కర లేదనే మాట పల్లెల్లో వినిపిస్తూనే ఉంటుంది. గోత్రం వేరైనంత మాత్రాన జన్యువులు వేరు కావు: మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు, మేనబావమరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి.

తలసేమియాకు రక్తపరీక్ష చేయించుకుని కాగితం చేతికొచ్చినా పాత చూపు పోదు. లోపమున్న జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారిని వాహకులంటారు; వారు రోగులు కారు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దీన్ని ‘నలుగురిలో ఒకరికి’ అని విన్న కుటుంబం, మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక మిగతా ముగ్గురికీ గండం గడిచిందని ధైర్యపడుతుంది, లేదా ఇక పుట్టే ప్రతి బిడ్డకూ అదే రాత అని కుంగిపోతుంది. నిజానికి ప్రతి గర్భానికీ లెక్క మొదటినుంచే మొదలవుతుంది. ఇంకా అన్యాయమేమంటే, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తేనే కలిగే ఈ జబ్బుకు నింద మాత్రం కోడలిమీదే పడుతుంది.

తలసేమియాలాగే వంశపారంపర్యంగా వచ్చే మరో రక్తవ్యాధి సికిల్ సెల్. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి పరీక్ష చేసి కార్డులిస్తోంది. ఆ కార్డుతోపాటు అవకాశం, వాహకత్వం అన్న మాటల అర్థాన్ని వారి భాషలో విప్పిచెప్పే మనిషి లేకపోతే, అది మరో జాతకంగా మారుతుంది. మేనరికం తలపెట్టిన పెద్దలు ముహూర్తం పెట్టించకముందే, అమ్మాయికి మాత్రమే కాక ఇద్దరికీ, తలసేమియా వాహకులను పట్టిచ్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించాలి.