కాలు మీద కాలు

ఒక అమ్మాయి కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఎంత నష్టం? తెలుగు సినిమాలో ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది. దాదాపు మూడేళ్ళు. అన్నాళ్ళ పాటు ఇద్దరు అగ్రహీరోలు ఒక హీరోయిన్‌తో నటించేది లేదని భీష్మించుకుని కూర్చున్నారు. ఆ హీరోలు ఎన్టీఆర్, ఏఎన్నార్. ఆ హీరోయిన్ జమున.

2018లో ‘మహానటి’ వచ్చాక సావిత్రి గారి గురించి మీలో చాలామందికి తెలిసింది. మా గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల కాబట్టి మాకు కాస్త గర్వం కూడా. కానీ ఆ పక్క ఊళ్ళోనే పెరిగిన ఇంకో పిల్ల కథ ఎవరూ సినిమాగా తీయలేదు. అందులో విషాదం తక్కువ, మొండితనం ఎక్కువ. మన దగ్గర ఏడిపించే కథకున్న గిరాకీ మొండి కథకి ఉండదు కదా! అందుకే ఈ వారం ఆమె గురించే.

జమున పుట్టింది హంపిలో, 1936 ఆగస్టు 30న. అసలు పేరు జానాబాయి. జాతకం ప్రకారం ఏదైనా నది పేరు పెట్టాలని జ్యోతిష్కులు చెబితే, మధ్యలో ‘ము’ చేర్చి జమున చేశారట. నాన్న నిప్పాణి శ్రీనివాసరావు గారిది పసుపు, పొగాకు వ్యాపారం. ఆ వ్యాపారం కోసమే కుటుంబం గుంటూరు జిల్లా దుగ్గిరాలకి వచ్చేసింది. విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలెక్కితే మధ్యలో తగిలే ఊరు. పసుపు యార్డు ఉన్న ఊరు. అమ్మ కౌసల్యాదేవి కూతురికి పాట, హార్మోనియం నేర్పారు. స్కూల్లో నాటకాలు సరేసరి.

ఒకసారి దుగ్గిరాలలో నాటకం వేయడానికి వచ్చిన సావిత్రి జమున వాళ్ళింట్లోనే బస చేశారు. సినిమాల్లోకి రమ్మని తర్వాత ఉత్సాహపరిచింది కూడా ఆమే. ఇక ‘మాభూమి’ నాటకంలో జమునని చూసిన డాక్టర్ గరికపాటి రాజారావు తన ‘పుట్టిల్లు’ సినిమాకి హీరోయిన్‌గా తీసుకున్నారు. 1953లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకి పదహారేళ్ళు. మన లెక్కలో ఇంటర్ పిల్ల.

ఇక్కడ చిన్న ఫ్లాష్‌బ్యాక్ కావాలి. అది లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

1955లో ‘మిస్సమ్మ’ వచ్చింది. అందులో మిస్సమ్మ సావిత్రి, చెల్లెలు జమున. కానీ మొదట మిస్సమ్మగా తీసుకున్నది భానుమతి గారిని. ఈవిడది ఒంగోలు దగ్గర దొడ్డవరం. కొంత షూటింగ్ కూడా అయింది. ఒక రోజు వ్రతం చేసుకుని సెట్‌కి ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణికి కోపం వచ్చింది. ఈయనది తెనాలి. క్షమాపణ చెప్పమన్నారు. ఆవిడ చెప్పనన్నారు. తీసిన రీళ్ళు పక్కన పడేశారు. చెల్లెలి వేషానికి ఉన్న సావిత్రి మిస్సమ్మ అయ్యారు, ఆ చెల్లెలి వేషం జమునకి వచ్చింది.

అంటే ఒకావిడ సారీ చెప్పనన్నందుకు ఖాళీ అయిన కుర్చీ, చేతులు మారి చివరికి పద్దెనిమిదేళ్ళ జమున దాకా వచ్చింది. కొన్నేళ్ళు గడిచాక అదే ‘సారీ’ జమున గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అప్పటికి ఆమె పెద్ద స్టార్. ‘తెనాలి రామకృష్ణ’, ‘భూకైలాస్’, ‘అప్పు చేసి పప్పు కూడు’, ‘ఇల్లరికం’... వరసగా సినిమాలు. ఆ సమయంలో ఆమె మీద వచ్చిన ఫిర్యాదులు ఇవి: షూటింగ్‌కి లేటుగా వస్తోంది, పెద్దల ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుంటోంది, మొత్తానికి పొగరు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఆమెతో ఇక చేయమన్నారు. క్షమాపణ పత్రం రాసిస్తే సర్దుకుంటుందని మధ్యవర్తుల మాట. తప్పు చేయనిదే ఎందుకు రాయాలన్నది జమున మాట. తర్వాత ఎన్ని ఇంటర్వ్యూల్లో అడిగినా ఆమె ఈ మాట మార్చలేదు.

ఆ రోజుల్లో దీని అర్థం ఏంటో ఒక్కసారి ఊహించుకోండి. ఓటీటీ లేదు, యూట్యూబ్ లేదు. తెలుగు సినిమా అంటే ఆ ఇద్దరు హీరోలు. వాళ్ళిద్దరూ వద్దంటే సగం మార్కెట్ పైగా మూతపడినట్టే. ఇప్పుడు మనం ‘క్యాన్సిల్ చేశారు’ అని తేలిగ్గా అనేస్తాం. అప్పుడు ఆ మాట లేదు, పని మాత్రం అదే.

ఆమె ఏం చేశారు? పనిచేసుకుంటూ పోయారు. జగ్గయ్యతో నటించారు. ఆయనదీ తెనాలి దగ్గరి మోరంపూడే. ‘మా ఇంటి మహాలక్ష్మి’తో అప్పుడే పరిచయమైన హరనాథ్ పక్కన నటించారు. తమిళం చేశారు, హిందీ చేశారు. ‘మిస్సమ్మ’ హిందీలో ‘మిస్ మేరీ’ అయినప్పుడు మీనాకుమారి పక్కన చెల్లెలి వేషం మళ్ళీ తనదే కావడంతో అక్కడ ముఖపరిచయం ముందే ఉంది. మెట్ట రైతుకి తెలిసిన సూత్రమే ఇది. ఉన్న పొలమంతా మిరపే వేస్తే తెగులొచ్చిన ఏడాది ఇల్లు గుల్ల. ఓ పక్క పత్తి, ఇంకో పక్క అపరాలు ఉంటే ఆ ఏడాది గట్టెక్కుతాం.

మా నాయనమ్మకి జమున అంటే పడేది కాదు. కల్లంలో కూర్చుని ఆడకూలీలతో కలిసి తాలు కాయలు ఏరుతూ, ‘దానికి పొగరే, సావిత్రికున్న అణకువ ఏది’ అనేది. చిన్నప్పుడు నాకు అర్థం కాని విషయం ఏంటంటే, పొద్దస్తమానం ఆ ఘాటులో నడుం వంచి పనిచేసే నాయనమ్మ, సాయంత్రం కూలి దగ్గర రూపాయి తేడా వస్తే మేస్త్రీని నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేసేది. అదీ పొగరేగా మరి! తనది మాత్రం న్యాయం. తెర మీద పిల్లది పొగరు. మనందరి ఇళ్ళల్లో ఈ రెండు కొలతలూ ఉంటాయి, గమనించండి.

సరిగ్గా ఇలాంటి గొడవే అంతకు పదిహేనేళ్ళ ముందు హాలీవుడ్‌లో జరిగింది. ‘గాన్ విత్ ద విండ్’లో మెలనీగా చేసిన ఒలీవియా డి హావిలాండ్ గుర్తున్నారా? వార్నర్ బ్రదర్స్‌తో ఆమెకి ఏడేళ్ళ కాంట్రాక్టు. నచ్చని వేషం వద్దంటే స్టూడియో సస్పెండ్ చేసేది. ఆ సస్పెన్షన్ రోజుల్ని మళ్ళీ కాంట్రాక్టు చివర కలిపేది. అంటే ఏడేళ్ళు ఎప్పటికీ పూర్తి కావు. 1943లో ఆమె కోర్టుకెక్కారు. ఈమెకి పని ఇవ్వొద్దని మిగతా స్టూడియోలకి కబురు వెళ్ళింది. దాదాపు రెండేళ్ళు కొత్త సినిమా లేదు. చివరికి 1944లో తీర్పు ఆమె వైపే వచ్చింది. ఏడేళ్ళంటే క్యాలెండర్‌లో ఏడేళ్ళే అని కోర్టు చెప్పింది. కాలిఫోర్నియాలో ఆ నియమాన్ని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. తర్వాత 1946, 1949 సినిమాలకి రెండు ఆస్కార్లు గెలిచారు. 2020లో, 104 ఏళ్ళ వయసులో పోయారు.

ఒలీవియాకి చేతిలో కాంట్రాక్టు కాగితం ఉంది, వెనక చట్టం ఉంది. జమునకి రెండూ లేవు. మద్రాసులో ఈ గొడవ కోర్టు దాకా వెళ్ళేది కాదు, ఆఫీసు గదుల్లో నోటిమాటగా నడిచేది. నోటిమాటతో మూసిన తలుపుని ఏ జడ్జీ తెరవలేడు. ఆమె దగ్గరున్నదల్లా ‘రాయను’ అనే ఒక్క మాట, రోజూ మేకప్ వేసుకుని ఎక్కడో ఒకచోట సెట్‌కి వెళ్ళే ఓపిక.

ఇక ట్విస్ట్. విజయా వాళ్ళు ‘గుండమ్మ కథ’ మొదలుపెట్టారు. గుండమ్మ గారాల కూతురు సరోజ వేషానికి జమున తప్ప ఇంకెవరూ కుదరరని వాళ్ళకి తెలుసు. నాగిరెడ్డి, చక్రపాణి కల్పించుకుని రాజీ కుదిర్చారు. భానుమతిని క్షమాపణ అడిగిన చక్రపాణే ఈసారి మధ్యవర్తి! 1962 జూన్ 7న సినిమా విడుదలైంది. ఎన్టీఆర్‌కి అది నూరో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. జమున జోడీ ఏఎన్నారే.

కథలో సరోజది పొగరు. మొగుడు నాటకమాడి, కష్టం రుచి చూపించి ఆ పొగరు దించుతాడు. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఆ పాత్ర వంగింది, ఆ పాత్ర వేసిన మనిషి వంగకుండానే ఆ సెట్‌లోకి నడిచొచ్చింది. ఈ సంగతి తెలిసి ఆ సినిమా చూస్తే, సరోజ కాలు కదిపిన ప్రతిసారీ మీకు వేరే నవ్వొస్తుంది.

అసలు నవ్వు మాత్రం 1966లో ఉంది. ‘శ్రీకృష్ణ తులాభారం’. కృష్ణుడు ఎన్టీఆర్, సత్యభామ జమున. సత్య అలిగిన ఘట్టం మనకి నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ నుంచీ తెలిసిందే. బతిమాలడానికి వంగిన కృష్ణుడి తలని ఆమె ఎడమకాలితో తన్నేస్తుంది. తిమ్మన కృష్ణదేవరాయల కొలువులో కవి. రాయల రాజధాని హంపి. జమున పుట్టింది ఆ హంపిలోనే. కలిపి చూస్తే భలే ఉంటుంది.

మా నేలకి సత్యభామ కొత్త కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆ వేషం కట్టి రంగస్థలాన్ని ఏలారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అంటే మగవాడు ఆడి చూపించిన ఆడదాని అభిమానానికి మా వాళ్ళు దశాబ్దాల పాటు ఈలలు వేశారు. అదే అభిమానం నిజంగా ఒక ఆడపిల్లకి ఉంటే దానికి పొగరని పేరు పెట్టారు. కాలు మీద కాలేసుకుందని అలిగిన హీరో తల మీదే, కథ పేరుతో, ఆ కాలు పడింది. ఇక్కడ ఎన్టీఆర్ గారికీ ఒక మార్కు వేయాలి. అంత పెద్ద స్టార్ అయ్యుండి ఆ సీనుని తగ్గించమనలేదు, పూర్తిగా చేశారు. అందుకే ఇన్నేళ్ళయినా సత్యభామ అనగానే జమున ముఖమే గుర్తొస్తుంది.

తర్వాతి కథ క్లుప్తంగా. ‘మూగమనసులు’లో గౌరిగా ఏడిపించారు. అదే వేషం 1967లో హిందీ ‘మిలన్’లో చేసి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి అయ్యారు. 1985లో కాంగ్రెస్ తరఫున మంగళగిరి అసెంబ్లీకి పోటీచేసి ఓడిపోయారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఎన్టీఆర్ పార్టీ. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకి గెలిచారు. ఇంకా తమాషా ఏంటంటే, 2008 సంవత్సరానికి ఆమెకి వచ్చిన అవార్డు పేరు ఎన్టీఆర్ జాతీయ పురస్కారం. 2023 జనవరి 27న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మీతో ఒక మాట. ఈ కథ చదివి ‘ఎవరికీ సారీ చెప్పొద్దు’ అని స్టేటస్ పెట్టేసుకోకండి. తప్పు చేస్తే సారీ చెప్పాల్సిందే. ఇక్కడ విషయం వేరు. కూర్చున్న తీరుకి, నవ్విన తీరుకి, సమాధానం చెప్పిన తీరుకి కాగితం రాసిమ్మంటారు చూడండి, దాని గురించి మాట్లాడుతున్నాను. హాస్టల్లో, ఆఫీసులో, పెళ్ళిచూపుల్లో, అత్తారింట్లో ఆ కాగితం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ‘రాసేస్తే పోయేదేముంది, అడ్జస్ట్ అయిపో’ అని చెప్పేవాళ్ళు మనవాళ్ళే ఉంటారు.

భానుమతి గారు కాదనగలిగారు. ఆమె వెనక సొంత భరణీ సంస్థ ఉంది. జమున గారు కాదనగలిగారు. ఆమెకి ఇంకో రెండు భాషల్లో పని ఉంది, అమ్మ నేర్పిన విద్య ఉంది. ధైర్యం మాత్రమే ఉండి ఇంకేమీ లేనివాళ్ళ సంగతి ఏంటి? వాళ్ళలో కొందరు ఆ కాగితం రాసిచ్చి ఉంటారు, కొందరు మద్రాసు రైలు దిగినట్టే తిరిగి ఎక్కేసి ఉంటారు. వాళ్ళ పేర్లు టైటిల్స్‌లో పడలేదు కాబట్టి మనకి తెలియవు. వాళ్ళు పిరికివాళ్ళని నేను అనను. వాళ్ళకి రెండో పంట లేదంతే.

కాబట్టి ‘వద్దు’ అనే మాట నేర్చుకునే ముందో, పక్కపక్కనే, ఇంకో పని కూడా నేర్చుకోండి. ఇంకో భాష, ఇంకో చేతిపని, మీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా. వద్దన్నాక నెల గడవాలి కదా.

ఈ వారాంతం రీల్స్ కాసేపు ఆపి ‘గుండమ్మ కథ’ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. జమున రాగానే ‘పొగరు’ అంటారు, చూడండి. ఎందుకు అంటున్నారో నెమ్మదిగా అడగండి. సినిమా కన్నా ఆ సంభాషణే ఎక్కువసేపు నడవొచ్చు.