పదిహేనేళ్ల ధీమా

ఏటూరునాగారంలో ఏ కారు ఓనరును కదిపినా ఒకటే మాట. "ఫిట్‌నెస్ గోల పసుపు బోర్డు వాళ్లకు. మనది సొంత బండి, లైఫ్ ట్యాక్స్ కట్టేశాం. పదిహేనేళ్ల దాకా అడిగేవాడు లేడు." టీచర్లూ, కాంట్రాక్టర్లూ, మిర్చి రైతులూ ఇదే అంటారు. చట్టం వరకు చూస్తే ఇందులో తప్పేమీ లేదు. అడిగేవాడు లేడు కాబట్టి చూడాల్సింది కూడా ఏమీ లేదనుకోవడం దగ్గరే తప్పంతా ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించుకుంటే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ట్యాక్సీకైతే ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, అది దాటితే ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. ఒకే మోడలు, ఒకే నెలలో తయారైన రెండు కార్లను తీసుకోండి. పన్నెండో ఏడు వచ్చేసరికి పసుపు బోర్డుది ఏటా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడుతోంది. తెల్ల బోర్డుదాన్ని మాత్రం షోరూమ్ నుంచి వచ్చాక ఆ కంటితో చూసినవాడే లేడు. బ్రేకు పైపులోని రబ్బరుకు బోర్డు రంగు తెలుస్తుందా?

ట్యాక్సీ రోజంతా తిరుగుతుంది, మనది ఆదివారాలే కదా అంటారు. తిరిగే బండికి తిరుగుడు జబ్బులు, నిలబడ్డ బండికి నిలబడ్డ జబ్బులు. నెలల తరబడి షెడ్డులో ఉన్న కారుకు బ్రేకు డిస్కు తుప్పు పడుతుంది, టైరు గట్టిపడి పగుళ్లిస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు. చాలామంది ఇంజిన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకుంటారు గానీ బ్రేకు ఆయిల్ అనేది ఒకటుందనే తలచుకోరు.

పైగా మన రోడ్డు సంగతేమిటి? 163వ జాతీయ రహదారి పస్రా దాటితే అడవే. తాడ్వాయి మీదుగా మన ఊరికొచ్చి, ముళ్లకట్ట దగ్గర గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌కు పోతుంది. లారీల రద్దీ ఒకవైపు, చీకటి పడ్డాక రోడ్డు మీదే పడుకునే పశువులు మరోవైపు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే, ఏడాదంతా కదలని కార్లు కూడా ఏడెనిమిది మందిని ఎక్కించుకుని ఇదే దారిన బయల్దేరతాయి. 2023 జులైలో మన ములుగు జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి వరదలో మునిగిన కారుకు సీట్లు ఆరబెట్టి సెంటు కొట్టి మళ్లీ రోడ్డెక్కిస్తే కాదనే తనిఖీ లేదు. వెనక బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల ఎండిన బురద ఉంటుంది. ఆర్సీలో మాత్రం ఇంకా ఏడేళ్లు చెల్లుబాటు.

"సర్వీసింగ్ చేయిస్తూనే ఉన్నాం కదా" అనేది ఇంకో సమాధానం. మెకానిక్ మీరు చెప్పిన పని చేస్తాడు. ఆయిల్ మార్చమంటే మారుస్తాడు, కడగమంటే కడుగుతాడు. హ్యాండ్ బ్రేకు ఏటవాలులో ఆగుతుందో లేదో, వెనక లైటు వెలుగుతుందో లేదో చూడమని మనం చెప్పం. చెప్పకుండా చూసి ఖర్చు పెంచితే మళ్లీ మనమే దొంగ అంటాం!

మరీ తెలివైనవాళ్లు ఇంకో మాట తెస్తారు: ఫిట్‌నెస్ అంటేనే ఏజెంటు, చేతివాటం, దానివల్ల ఒరిగేదేముంది? ఆ కాగితం మీద జనానికి నమ్మకం లేదన్నది నిజమే. కానీ కాగితం అబద్ధమాడితే కాగితాన్ని తప్పుపట్టాలి గానీ, బ్రేకు చూసుకోవడం మానేస్తే ఎట్లా? పసుపు బోర్డు అన్నలు కూడా ఇక్కడే దెబ్బ తింటున్నారు. ఆర్సీ ఏజెంటు సంచిలో, తేదీ ఏజెంటు బుర్రలో. తేదీ దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున పడే అదనపు ఫీజు మీదే 2022 మేలో హైదరాబాదులో ఆటోలు, క్యాబులు, లారీలు బంద్ చేశాయి. ఆ కోపంలో న్యాయముంది. రోజు కూలీ పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి పోయి వచ్చేవాడి మీద అంత భారం అన్యాయం. అయినా ఫిట్‌నెస్ లేని ట్యాక్సీని చట్టం రిజిస్ట్రేషనే లేని బండిగా లెక్కగడుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఆ తేదీనే. ఆ తేదీ ఫోన్‌లోనే, 2016లో వచ్చిన ఆర్టీఏ ఎం-వాలెట్‌లో చూసుకోవచ్చు.

బ్రిటన్‌లో సొంత కార్లకూ ఈ పరీక్ష 1960 నుంచి ఉంది. మొదట పదేళ్లు దాటినవాటికే పెట్టారు, ఇప్పుడు మూడేళ్లు నిండితే ఏటా తప్పనిసరి. అక్కడ కారు నంబరు కొడితే అది ఏ ఏడాది ఏ లోపంతో ఫెయిలైందో ఎవరైనా చూడొచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మనకు దొరికే చరిత్ర ఎంత? పాలిష్, ఓనర్ల సంఖ్య, అమ్మేవాడి ప్రమాణం.

అట్లాగని రేపే ఇక్కడా ఏటా పరీక్ష పెట్టమని నేను అడగను. యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ములుగుకు ప్రతి కారునూ తిప్పితే బాగుపడేది ఏజెంట్లే. ముందు పరీక్ష మండలాల దాకా రావాలి. అప్పటిదాకా ఎవరి తేదీ వాళ్లే పెట్టుకోవాలి.

మన దగ్గర స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా, వానలకు ముందే మళ్లీ చేయిస్తారు. మీ కారుకూ ఆ తేదీనే పెట్టుకోండి. నాలుగు చక్రాలూ విప్పించి బ్రేకులు దగ్గరుండి చూడండి. వైపర్లు, లైట్లు, స్టెప్నీలో గాలి చూడండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే అది చట్టం ప్రకారమే పనికిరాని టైరు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి: మొదటి రెండూ వారం, చివరి రెండూ తయారైన ఏడు. దానికి ఆరేళ్లు దాటి పగుళ్లు కనిపిస్తే, ఆ టైరుతో తాడ్వాయి అడవి దాటకండి.