లైకులు సరే.. గిరాకీ ఎంత?

హైదరాబాద్: లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు దక్కింది. పేరైతే పెరిగింది. కానీ ఆ పేరుతో ఆన్‌లైన్‌లో గిరాకీ రావాలంటే దుకాణదారులు చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది.

చార్మినార్ దగ్గర చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడుతున్నారు. లైకులూ వస్తున్నాయి. ధర మాత్రం రాయరు, సైజు చెప్పరు. ఎక్కడో ఉన్న కస్టమర్‌కు 2.4 కావాలో 2.6 కావాలో తేలకపోతే ఆర్డర్ పెట్టరు, పెట్టినా సరుకు వాపసు వస్తుంది. వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్‌లో ఫొటో, సైజు, ధర పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. రంజాన్‌లో అర్ధరాత్రి దాకా తెరిచే దుకాణం మ్యాప్‌లో 'మూసి ఉంది' అని కనిపిస్తే వచ్చే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. టైమింగ్స్ మార్చడం రెండు నిమిషాల పని.

ఈ-కామర్స్ ప్లాట్‌ఫాంల సంగతి వేరు. జీఎస్టీ పరిమితి దాటని చిన్న వ్యాపారులు రిజిస్ట్రేషన్ లేకుండానే వాటిలో సరుకు అమ్ముకునే వెసులుబాటు 2023 అక్టోబర్ 1 నుంచి ఉంది. అయితే పాన్, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఉండాలి, సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. ముంబైకి పంపాలంటే ఇది వర్తించదు.

కాబట్టి చూడాల్సింది ఫాలోవర్ల సంఖ్య కాదు. ఆన్‌లైన్‌లో ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, కమీషన్, కొరియర్, వాపసుల ఖర్చు పోను సెట్‌కు ఎంత మిగిలింది అన్నది నెలనెలా రాసుకోవాలి. అప్పుడే ఆన్‌లైన్ దుకాణం లాభమో, ఉత్త సందడో తెలుస్తుంది.