పగడపు రాళ్ళ మస్జిద్

మాల్దీవుల రాజధాని మాలే ఒక చిన్న దీవి. అక్కడి పురాతన జుమా మస్జిద్‌ను 1658లో సుల్తాన్ ఇబ్రాహీం ఇస్కందర్ కట్టించారు. తడిగా, మెత్తగా ఉన్నప్పుడే సముద్రపు పగడాలను రాళ్ళుగా కోసి, ఆరబెట్టి, సున్నం లేకుండానే ఒకదానిలో ఒకటి బిగించి గోడలు నిలిపారు. చూడముచ్చటైన నగిషీలు చెక్కారు.

మస్జిద్‌కు రాయినిచ్చిన ఆ పగడాలే దీవులకు పునాది. అలల ఉధృతిని తగ్గించే అడ్డుకట్ట కూడా అవే. భూతాపం వల్ల సముద్రం వేడెక్కినప్పుడు అవి తెల్లబారి మరణిస్తాయి. 1998లోనూ, 2016లోనూ అక్కడ అదే జరిగింది. సుమారు 1,200 దీవుల ఆ దేశంలో అధికభాగం సముద్రమట్టానికి మీటరు ఎత్తయినా లేదు. కెరటాలు ఒడ్డును కోసివేస్తున్నాయి. తరతరాలుగా దాహం తీర్చిన, వుజూకు నీరిచ్చిన బావుల్లోకి ఉప్పునీరు చొరబడుతోంది. మనుషులు మరోచోటికి తరలిపోగలరు. తాతముత్తాతల సమాధులను వెంట తీసుకుపోలేరు.

ఈ ముప్పు తెచ్చిన పొగలో మాల్దీవుల వాటా అత్యల్పం. మరి మిగిలిన వాటా ఎవరిది? అనవసరంగా వెలిగే మన దీపాలు, నాలుగడుగుల దూరానికీ కదిలే మన వాహనాలు, వలీమా విందుల్లో పారబోసే అన్నం కూడా ఆ లెక్కలోనివే. దుబారా పాపమని మనం పిల్లలకు బోధిస్తాం. ఈ పుడమి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు అనీ చెబుతాం. పొరుగువారి హక్కు మన ప్రహరీ గోడ దగ్గర ముగిసిపోదు. సముద్రం ఆవలి సోదరునికీ అందులో భాగముంది. ఈ నెల మన ఇంటి నుంచి ఒక్క దుబారానైనా తొలగిద్దాం.