పెళ్లి నిజమే.. నమ్మించేదెలా?
జీవిత భాగస్వామి కోసం వేసిన వలస పిటిషన్ తిరస్కరణకు గురైతే..

గుంటూరు: మాఘమాసంలో పెళ్లి చేసి, పదిహేను రోజుల సెలవు ముగియగానే అల్లుడిని విమానం ఎక్కించి, ‘అమ్మాయి కూడా తొందర్లోనే వెళ్లిపోతుంది’ అని చుట్టపక్కాలకు చెప్పుకున్న ఇళ్లు తెనాలి, పొన్నూరు, మంగళగిరి ప్రాంతాల్లో వీధికొకటి కనిపిస్తాయి. ఏడాది గడుస్తుంది. రెండో సంక్రాంతి కూడా వచ్చి పోతుంది. ‘ఇంకా వెళ్లలేదా?’ అన్న పలకరింపు తప్పించుకోవడానికి ఆ అమ్మాయి పేరంటాలకు వెళ్లడం మానేస్తుంది. తర్వాత ఒకరోజు ముంబయిలో ఇంటర్వ్యూకు వెళ్లి, చేతిలో ఒక కాగితంతో తిరిగివస్తుంది. ఆ కాగితంలో ఏముందో పూర్తిగా చదివేవారు తక్కువ. ‘వీసా రాలేదు’ అన్న ఒక్క మాటే ఇంట్లో మిగులుతుంది. అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడే. తిరస్కరించింది ఎవరు, ఏ సెక్షన్ కింద తిరస్కరించారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలియకుండా తర్వాత వేసే ప్రతి అడుగూ గుడ్డిగా వేసేదే అవుతుంది.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. భర్త హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తుంటే భార్య హెచ్-4 వీసాకు దరఖాస్తు చేస్తుంది. ఇది వలస వీసా కాదు. హైదరాబాద్ నానక్‌రాంగూడలోని కాన్సులేట్‌లోనే ఇంటర్వ్యూ ఉంటుంది. నిరాకరిస్తే లోపం సరిదిద్దుకుని మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. మనం చర్చించుకుంటున్నది ఇది కాదు. భర్త లేదా భార్య అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో పొంది, జీవిత భాగస్వామిని శాశ్వత నివాసానికి తీసుకువెళ్లేందుకు వేసే ఐ-130 పిటిషన్ గురించి. ఈ ఫైలు మొదట అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం (యూఎస్‌సీఐఎస్) ముందుకు వెళుతుంది. అక్కడ ఆమోదం లభిస్తే న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటర్‌కు, అక్కడి నుంచి ప్రధానంగా ముంబయి కాన్సులేట్‌కు చేరుతుంది. పౌరుల భాగస్వాములకు వార్షిక పరిమితి లేదు. గ్రీన్‌కార్డుదారుల భాగస్వాములకు పరిమితి ఉంది కాబట్టి వరుసలో నిలబడక తప్పదు.

ఈ ప్రయాణంలో ఎక్కడ ఆగిందన్నదే కీలకం.

ముంబయిలో 221(జి) కింద ఆపితే చాలావరకు గాభరాపడనవసరం లేదు. ఏదో పత్రం చాలలేదనో, మరికొంత పరిశీలన అవసరమనో దాని అర్థం. సాంకేతికంగా అది తిరస్కరణే అయినా తలుపు మూసినట్లు కాదు. అయితే అడిగిన పత్రాలు ఏడాదిలోగా ఇవ్వకపోతే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము తప్పవు. స్పాన్సర్ ఆదాయం చాలదన్న అభ్యంతరమూ ఈ కోవలోనిదే. ఐ-864 హామీపత్రం ఇచ్చేవారి ఆదాయం పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గరాదు. 2025 లెక్కల ప్రకారం ఇద్దరు సభ్యుల కుటుంబానికి అది 26,437 డాలర్లు. చాలకుంటే అమెరికాలో స్థిరపడిన అన్నగారో, మేనమామో ఉమ్మడి స్పాన్సర్‌గా నిలబడవచ్చు. ఇలాంటి తిరస్కరణతో కాపురాలు కూలవు. ఆలస్యమవుతాయి, అంతే.

యూఎస్‌సీఐఎస్ స్థాయిలోనే పిటిషన్‌ను తోసిపుచ్చితే మాత్రం గడియారం తిరగడం మొదలవుతుంది. ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి 30 రోజుల్లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డుకు ఈవోఐఆర్-29 ఫారంతో అప్పీలు చేసుకోవాలి. తపాలాలో వచ్చిన ఉత్తర్వుకైతే మరో మూడు రోజులు కలుస్తాయి. లేదంటే ఐ-290బి ఫారంతో అదే విభాగాన్ని పునఃపరిశీలన కోరవచ్చు. ఇవేవీ కాదని కొత్త పిటిషన్ వేయడానికీ అడ్డు లేదు. అప్పీలు చేసేది పిటిషన్ వేసిన భర్తో భార్యో మాత్రమే. ఇక్కడ ఎదురుచూస్తున్న వారికి ఆ హక్కు లేదు. సాక్ష్యాలు చాలలేదన్న కారణంతోనే తిరస్కరించి ఉంటే, అప్పీలు తేలేదాకా కూర్చోవడం కన్నా పూర్తి ఆధారాలతో కొత్త పిటిషన్ వేయడమే మేలైన సందర్భాలు ఎక్కువ. ఉత్తర్వులో ‘204(సి)’ అన్న అంకె కనిపిస్తే లెక్క మారిపోతుంది.

వదలని మచ్చ

వలస ప్రయోజనం కోసమే చేసుకున్న మాయపెళ్లి అని తేల్చే సెక్షన్ అది. ఒక్కసారి ఆ ముద్ర పడితే, ఆ వ్యక్తి తర్వాత ఎవరిని ఎంత నిజాయతీగా పెళ్లి చేసుకున్నా, ఆయన లేదా ఆమె పేరిట వచ్చే ఏ వలస పిటిషన్‌నూ ఆమోదించరు. దీనికి గడువు లేదు, మినహాయింపు లేదు. అబద్ధపు సమాచారం ఇచ్చారన్న అభియోగానికైతే, అమెరికాలోని భాగస్వామికి లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించి మన్నింపు కోరే వీలుంది. 204(సి)కి అదీ లేదు. ఇది కాక నేర విచారణ వేరే. మాయపెళ్లికి అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా విధించేలా 1986లోనే అక్కడ చట్టం చేశారు.

నిజమైన పెళ్లికి ఈ అనుమానం ఎందుకు వస్తుంది? మన పెళ్లిళ్ల తీరులోనే దానికి కొంత సమాధానం ఉంది. శుక్రవారం పెళ్లిచూపులు, ఆదివారం తాంబూలాలు, పదో రోజు పెళ్లి, పదిహేనో రోజు తిరుగు ప్రయాణం. పెద్దలు కుదిర్చిన వివాహాలంటే కాన్సులేట్ అధికారులకు తెలియనివి కావు. వారికి అనుమానం కలిగించేది తొందర ఒక్కటే కాదు, తొందరకు తోడు మౌనం కూడా. అత్తగారి ఊరేది, ఆడపడుచు ఏం చేస్తుంది, భర్త రోజూ ఎన్నింటికి ఫోన్ చేస్తాడు అని అడిగితే తడబడే అమ్మాయి, పాతిక మంది కూడా కనిపించని పెళ్లి ఫొటోలు, పెళ్లయ్యాక ఒక్కసారీ స్వదేశానికి రాని వరుడు. ఇవన్నీ ఒకచోట చేరితే అధికారి ఆ ఫైలును ‘వెనక్కి’ పంపుతారు. మూడింటిలో అత్యంత ప్రమాదకరమైన మలుపు ఇదే. ఆ సంగతి ఇంటర్వ్యూ కిటికీ దగ్గర స్పష్టంగా చెప్పకపోవచ్చు కూడా.

వెనక్కి వెళ్లిన ఫైలు యూఎస్‌సీఐఎస్‌కు చేరడానికి, అక్కడ మళ్లీ కదలడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. ఆమోదాన్ని రద్దు చేయదలిచామంటూ నోటీసు వస్తే జవాబుకు ఇచ్చేది సాధారణంగా 30 రోజులు. అది వెళ్లేది అమెరికాలోని చిరునామాకు. అద్దె ఇల్లు మారి, కొత్త చిరునామా తెలియజేయని కారణంగా నోటీసు చేరకపోతే, జవాబు లేదని రద్దు చేస్తారు. రద్దుపై అప్పీలు గడువు మరీ తక్కువ, 15 రోజులు మాత్రమే. నోటీసులోని ప్రతి అనుమానానికీ విడివిడిగా, ఆధారంతో జవాబివ్వాలి. ‘మాది నిజమైన పెళ్లి’ అన్న పేజీడు ఆవేదన పనికిరాదు. కాన్సులేట్ అధికారి ఫైలును వెనక్కి పంపాలంటే యూఎస్‌సీఐఎస్‌కు అప్పటికి తెలియని కొత్త విషయమేదో ఉండాలన్నది వారి నియమావళిలోని మాటే. పాత కాగితాలనే మరోలా చదివి పంపితే ఆ సంగతిని జవాబులో ఎత్తిచూపవచ్చు.

కోర్టు గుమ్మం

‘అక్కడ కోర్టులు ఊరుకుంటాయా’ అన్న భరోసా మనవాళ్లలో ఇంకా ఉంది. 2024లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పుల తర్వాత ఆ భరోసాకు పెద్దగా చోటు లేదు. లాస్ ఏంజెలెస్ పౌరురాలు సాండ్రా మునోజ్ 2010లో ఎల్ సాల్వడార్ దేశస్థుడిని పెళ్లాడారు. ఆయన ఒక నేరముఠాతో సంబంధం కలిగి ఉన్నారన్న అనుమానంతో కాన్సులేట్ వీసా నిరాకరించింది. ఆయన ఒంటిపై ఉన్న పచ్చబొట్లు అందులో చర్చనీయాంశమయ్యాయి. 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఇచ్చిన తీర్పు సారాంశం: విదేశీ భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరుల ప్రాథమిక హక్కు కాదు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా సమీక్షించవన్న పాత సూత్రం దీంతో మరింత బిగుసుకుంది. అదే ఏడాది డిసెంబరు 10న అమీనా బువార్ఫా కేసులో వచ్చిన తీర్పు ఏకగ్రీవం. భర్త కోసం ఆమె వేసిన పిటిషన్‌ను ముందు ఆమోదించి, ఆయన పాత వివాహం మాయపెళ్లి అన్న కారణంతో తర్వాత రద్దు చేశారు. అలా రద్దు చేయడం అధికారుల విచక్షణ కాబట్టి కోర్టులు జోక్యం చేసుకోజాలవని ధర్మాసనం తేల్చింది.

అయితే ఆ తీర్పులోనే ఒక సందు ఉంది. రద్దయిన వారు మళ్లీ కొత్త పిటిషన్ వేయవచ్చు. దాన్ని 204(సి) కింద తిరస్కరిస్తే ఆ తిరస్కరణను కోర్టులో సవాలు చేయడానికి వీలుంటుంది. దూరపు దారే, ఖర్చుతో కూడినదే. కానీ అది ఉందని తెలియక ఆశ వదులుకున్నవారూ ఉంటారు. 2025 ఆగస్టు 1 నుంచి కుటుంబ పిటిషన్ల పరిశీలనను యూఎస్‌సీఐఎస్ మరింత కట్టుదిట్టం చేస్తూ మార్గదర్శకాలు విడుదల చేసింది. అమెరికాలోనే ఉండి దరఖాస్తు చేసుకునే భాగస్వామికి, పిటిషన్ ఆమోదం పొందినంత మాత్రాన దేశం నుంచి పంపివేయకుండా రక్షణ ఉండదని వాటిలో స్పష్టం చేశారు.

లోపాలు ఇక్కడివే

కోర్టులు ఆదుకోని చోట మొదటి ఫైలే కొండంత అండ. ఆ ఫైలులోని లోపాలు చాలావరకు మన ఊళ్లోనే పుడతాయి. ఇంటిపేరు సంగతే చూడండి. పదో తరగతి ధ్రువపత్రంలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, శుభలేఖలో ముద్దుపేరు, ఆధార్‌లో భర్త ఇంటిపేరు. తెలుగువాడికి నలుగురూ ఒక్కరే. విదేశీ అధికారికి నలుగురు వ్యక్తులు. వివాహ రిజిస్ట్రేషన్‌ను ఇంటర్వ్యూకు నెల ముందు చేయించడం మరో పొరపాటు. రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే చెప్పింది. అయినా ‘తర్వాత చూద్దాం’ అనే ధోరణి పోలేదు. పెళ్లి ఆల్బమ్ ఉంటే చాలనుకోవడం ఎంత తప్పో, సర్టిఫికెట్ ఉంటే చాలనుకోవడమూ అంతే తప్పు. వివాహతంతు జరగకుండా కేవలం రిజిస్ట్రేషన్‌తో హిందూ వివాహం చెల్లదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన విషయం గమనార్హం. వీసా దరఖాస్తు కోసం ముందుగా సంతకాలు పెట్టించి, పెళ్లి ముహూర్తం తర్వాత చూసుకునే కుటుంబాలు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

రెండో పెళ్లిళ్ల విషయం ఇంకా సున్నితం. 1975లో తిరుపతిలో పెళ్లాడి, అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తీసుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్న వ్యక్తి కేసు 1991లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని న్యాయస్థానం తీర్పు చెప్పింది. వై.నరసింహారావు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు నేటికీ ప్రామాణికం. మొదటి పెళ్లి చట్టబద్ధంగా ముగియకపోతే రెండో పెళ్లిపై వేసిన పిటిషన్ నిలవదు. వరుడికి ‘అక్కడ’ విడాకులయ్యాయని మధ్యవర్తి చెబితే డిక్రీ నకలు అడగడం అమర్యాద కాదు.

తిరస్కరణ ఎదురయ్యాక పట్టణాల్లోని కన్సల్టెన్సీల గుమ్మం తొక్కేవారు చాలామందే. పాత తేదీలతో అద్దె ఒప్పందాలు, ఉమ్మడి ఖాతాలు సృష్టిద్దామనే సలహా అక్కడ దొరికితే లేచి వచ్చేయాలి. చాలని సాక్ష్యం తిరస్కరణతో పోతుంది. సృష్టించిన సాక్ష్యం నిజమైన పెళ్లిని కూడా అబద్ధం చేస్తుంది. ‘ముందు టూరిస్టు వీసాపై వెళ్లిపోతే సరి’ అనేది ఇంకో సలహా. డీఎస్-160 ఫారంలో, మీ పేరిట ఎవరైనా వలస పిటిషన్ వేశారా, గతంలో వీసా నిరాకరించారా అన్న ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ‘లేదు’ అని గుర్తు పెడితే అబద్ధపు సమాచారం కిందికి వస్తుంది. ‘ఉంది’ అంటే టూరిస్టు వీసా వచ్చే అవకాశం చాలా తక్కువ. ఫైలులో ఏముందో తెలుసుకోవడానికి సమాచార హక్కు తరహా చట్టం కింద యూఎస్‌సీఐఎస్ నుంచి నకళ్లు కోరవచ్చు. కాన్సులేట్ రికార్డులు మాత్రం గోప్యం.

పైన చెప్పినదంతా భర్త నిజంగా పిటిషన్ వేసిన సందర్భాలకు వర్తిస్తుంది. ‘తిరస్కరించారు’ అని ఫోన్‌లో చెప్పి చేతులు దులుపుకొనే అల్లుళ్లూ లేకపోలేదు. ఆడపిల్ల తల్లిదండ్రులు అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇదే. పిటిషన్ వేసిన వెంటనే యూఎస్‌సీఐఎస్ రసీదు ఇస్తుంది. దానిపై మూడు ఆంగ్ల అక్షరాలు, పది అంకెలతో 13 స్థానాల సంఖ్య ఉంటుంది. ముంబయికి కేటాయించిన కేసుకు నేషనల్ వీసా సెంటర్ ఇచ్చే సంఖ్య ‘బీఎంబీ’తో మొదలవుతుంది. రసీదు సంఖ్యను యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో టైపు చేస్తే ఫైలు ఎక్కడుందో, ఏ తేదీన ఏం జరిగిందో ఇక్కడి నుంచే ఎవరైనా చూడవచ్చు. ఖర్చు లేదు, మధ్యవర్తి అక్కర లేదు. రసీదు నకలు పంపమని అడిగితే అల్లుడు పంపుతాడా లేదా అన్నది కూడా ఒక సమాచారమే.